సెర్చ్ చిట్టా: ఫోన్ నంబర్ల కేసు నుంచి కీవర్డ్ వారంటు దాకా

డాక్టరు దగ్గర చెప్పుకోలేని జబ్బు, ఇంట్లో తెలియనివ్వని అప్పు, మానేద్దామా అనిపిస్తున్న ఉద్యోగం. ఇలాంటి వాటి గురించి ఇప్పుడు మనిషి మొదట నోరు విప్పేది సెర్చ్ పెట్టె దగ్గరే. అక్కడ టైపు చేసిన ప్రతి మాటా కంపెనీ సర్వర్లలో నమోదవుతుంది. ప్రభుత్వం వచ్చి అడిగితే కంపెనీ వాటిని ఇచ్చేయాలా? ఈ తగువు మూలం ఇంటర్నెట్ ఇళ్లలోకి రాకముందే, ఒక ఫోన్ కేసులో ఉంది.

1976లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒకడు ఒకామెను దోచుకున్నాడు. అంతటితో ఆగక ఆమెకు ఫోన్లు చేసి బెదిరించసాగాడు. అనుమానితుడు ఇంటి నుంచి ఏ నంబర్లకు ఫోన్ చేస్తున్నాడో నమోదు చేసే పరికరాన్ని పోలీసులు టెలిఫోన్ కంపెనీ చేత పెట్టించారు. వారంటు తీసుకోలేదు. స్మిత్ వర్సెస్ మేరీలాండ్ పేరుతో సుప్రీంకోర్టుకు చేరిన ఈ కేసులో 1979లో పోలీసులే గెలిచారు. నంబరు తిప్పగానే అది కంపెనీకి ఎలాగూ తెలుస్తుంది, అలా మన చేతులతో మనమే ఇచ్చిన సమాచారానికి గోప్యత ఆశించకూడదన్నది కోర్టు మాట. బ్యాంకు లెక్కల విషయంలో 1976లోనే ఇలాంటి తీర్పు ఇచ్చింది. ఈ రెండింటి మీదే ‘థర్డ్ పార్టీ సూత్రం’ నిలబడింది. జస్టిస్ స్టీవర్ట్ మాత్రం ఒప్పుకోలేదు. ఎవరెవరికి ఫోన్ చేశారన్న జాబితా ఒక్కటి చాలు, మనిషి ఆంతరంగిక జీవితం బయటపడిపోతుందన్నారు. ఆయన చూసింది వట్టి నంబర్ల జాబితా. సెర్చ్ చిట్టాలో ఉండేవి మాటలు.

1986లో ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ల గోప్యతా చట్టం వచ్చింది. 180 రోజులు దాటి సర్వర్లో పడి ఉన్న ఈమెయిల్‌ను వారంటు లేకుండానే తీసుకునే వీలు అందులో ఉంది. అప్పట్లో సర్వర్లలో చోటు ఖరీదు, కాబట్టి ఎవరూ ఏదీ అంతకాలం దాచుకోరని లెక్క వేశారు. ఆ లెక్క ఎంత తలకిందులైందో సెర్చ్ కంపెనీలు చూపించాయి. వాటి చిట్టాలో ఒక్కో వరుసలో ఐపీ అడ్రసు (నెట్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే చిరునామా), తేదీ, క్షణాలతో సహా సమయం, టైపు చేసిన మాటలు, బ్రౌజర్ పేరు, చివర ఆ కంప్యూటర్‌ను మళ్లీ గుర్తుపట్టే కుకీ నంబరు ఉంటాయి. గూగుల్ మొదట్లో పెట్టిన కుకీకి గడువు 2038 దాకా ఉండేది. విమర్శలు వచ్చాక 2007లో దాన్ని రెండేళ్లకు కుదించింది.

ఆ చిట్టా మీద ప్రభుత్వం బాహాటంగా చెయ్యి వేసింది 2005లో. అశ్లీల చిత్రాల నుంచి పిల్లలను కాపాడతామంటూ చేసిన 1998 నాటి చట్టాన్ని కోర్టులో నిలబెట్టుకోవడానికి అమెరికా న్యాయశాఖకు గణాంకాలు కావలసి వచ్చాయి. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్, ఏఓఎల్‌లకు సబ్‌పీనాలు, అంటే సమాచారం ఇవ్వమనే చట్టబద్ధ ఆదేశాలు, పంపింది. గూగుల్‌ను మొదట అడిగింది రెండు నెలల సెర్చ్‌లన్నీ. ఏ నేరస్థుణ్నీ పట్టుకోవడానికి కాదు, ఒక వాదనకు బలం కోసం అన్ని కోట్ల మాటలు! మిగతా కంపెనీలు ఎంతో కొంత ఇచ్చేశాయి. గూగుల్ ఎదురు తిరగడంతో 2006 జనవరిలో విషయం బయటికి పొక్కింది. ప్రభుత్వం తగ్గుతూ వచ్చి చివరికి 50,000 వెబ్ అడ్రసులు, 5,000 సెర్చ్‌ల దగ్గర ఆగింది. మార్చిలో జడ్జి జేమ్స్ వేర్ అడ్రసులు ఇవ్వమన్నారు గానీ సెర్చ్‌లు ఇవ్వనక్కర్లేదన్నారు. మనుషులు తమ పేరు తామే వెతుక్కుంటారని, పేరూ ఐపీ అడ్రసూ తీసేసినా మాటలే మనిషిని పట్టిస్తాయని తీర్పులో ప్రస్తావించారు.

ఐదు నెలలు తిరక్కుండానే ఆ భయం నిజమైంది. 2006 ఆగస్టులో పరిశోధకుల కోసమంటూ ఏఓఎల్ దాదాపు 6,50,000 మంది చేసిన 2 కోట్ల సెర్చ్‌లను నెట్‌లో పెట్టింది. పేర్లు తీసేసి ఒక్కొక్కరికీ ఒక్కో సంఖ్య ఇచ్చింది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు వాటిలో ఒక ఏడంకెల సంఖ్యను పట్టుకున్నారు. దాని కింద వేళ్ల తిమ్మిరి, అరవై ఏళ్ల ఒంటరి మగవాళ్లు, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోసే కుక్క, ఒక చిన్న ఊళ్లో తోటపని చేసేవాళ్లు, ఒకే ఇంటిపేరున్న కొందరు మనుషులు ఉన్నారు. ఈ ముక్కలు కలుపుకుంటూ పోయి కొద్ది రోజుల్లోనే ఒక పెద్దావిడ ఇంటి తలుపు తట్టారు. చదివి వినిపిస్తే ఆ సెర్చ్‌లు తనవేనని ఆమె ఒప్పుకుంది. అయితే జబ్బుల గురించి వెతికింది చాలావరకు స్నేహితుల కోసమట. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా భయం కలిగించే విషయం ఇదే. చిట్టా చదివినవాళ్లకు ఆవిడే రోగిష్టి అనిపిస్తుంది. చిట్టా మనిషిని బయటపెట్టడమే కాదు, తప్పుగా కూడా బయటపెడుతుంది.

ఆ తర్వాత కంపెనీలు చిట్టాలు ఎన్నాళ్లు ఉంచుకోవాలన్న చర్చకు దిగాయి. గూగుల్ ముందు 18 నెలలంది, 2008లో ఐపీ అడ్రసుల విషయంలో 9 నెలలకు దిగింది. యాహూ 90 రోజులని ప్రకటించి, 2011లో మళ్లీ 18 నెలలకు వెళ్లింది. యూరప్ డేటా రక్షణ అధికారులు 6 నెలలు చాలన్నారు. అసలు ఐపీ అడ్రసే రాసుకోబోమన్న మాట మీద ఇక్స్‌క్విక్, డక్‌డక్‌గో లాంటి సెర్చ్ ఇంజిన్లు నిలబడ్డాయి.

2013 జూన్‌లో అమెరికా నిఘా సంస్థలకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో గుట్టుగా జరుగుతున్న సంగతులు వెలుగులోకి వచ్చాయి. ప్రిజం కార్యక్రమం కింద అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ పెద్ద కంపెనీల నుంచి విదేశీయుల సమాచారం తీసుకుంటోంది. కంపెనీలన్నీ తలూపి ఇచ్చాయనుకుంటే పొరపాటు. యాహూ 2007లోనే నిఘా వ్యవహారాలు చూసే రహస్య న్యాయస్థానంలో పోరాటం మొదలుపెట్టి 2008లో ఓడింది. ఒప్పుకోకపోతే రోజుకు 2,50,000 డాలర్ల జరిమానా వేయాలని ప్రభుత్వం కోరిందన్న సంగతి 2014లో పత్రాలు విడుదలయ్యేదాకా బయటికి రాలేదు. చాలా ఏళ్లపాటు ఆ కంపెనీ వాడుకదారులకు తమ కోసం ఒక పోరాటం జరిగిందని కూడా తెలియదు.

2018లో కార్పెంటర్ కేసులో సుప్రీంకోర్టు థర్డ్ పార్టీ సూత్రానికి మొదటిసారి గట్టి హద్దు గీసింది. సెల్‌ఫోన్ ఎక్కడెక్కడ తిరిగిందన్న పాత రికార్డులకు వారంటు ఉండాలని 5–4 తేడాతో చెప్పింది. సెర్చ్ మాటల సంగతి తేల్చలేదు. గూఢచర్య దర్యాప్తుల్లో సెర్చ్, బ్రౌజింగ్ చరిత్రకు వారంటు తప్పనిసరి చేసే సవరణ 2020 మేలో సెనేట్ ముందుకొచ్చింది. నెగ్గడానికి 60 ఓట్లు కావాలి, 59 పడ్డాయి. ఒక్క ఓటు.

అదే ఏడాది ఆగస్టులో డెన్వర్‌లో ఒక ఇంటికి నిప్పు పెట్టారు. సెనెగల్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పిల్లలతో సహా ఐదుగురు చనిపోయారు. కెమెరాల్లో దొరికినవి ముసుగు ముఖాలే. దర్యాప్తు ముందుకు సాగక పోలీసులు దారి తిరగేశారు. మామూలుగా ముందు అనుమానితుడు, తర్వాత అతని చిట్టా. ఇక్కడ ముందు మాట, తర్వాత మనిషి: గత 15 రోజుల్లో ఆ ఇంటి చిరునామా వెతికిన వాళ్లెవరో చెప్పమని గూగుల్‌ను వారంటుతో అడిగారు. దీన్నే కీవర్డ్ వారంటు అంటారు. 8 ఖాతాల నుంచి 61 సెర్చ్‌లు తేలాయి. నిందితులు దొరికారు. ఆ కుటుంబానికి న్యాయం జరగాలని కోరుకోనివారు ఉండరు. కానీ ఆ జవాబు కోసం ఏ పాపం ఎరగని కోట్లమంది చిట్టాలను జల్లెడ పట్టాల్సి వచ్చింది. రేపు ఇదే వారంటులో చిరునామా బదులు ఒక మందు పేరో, ఒక నిరసన సభ పేరో ఉండవచ్చు.

2023 అక్టోబరులో ఈ కేసులోనే, డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్ర సుప్రీంకోర్టు, సెర్చ్ చరిత్రకు రాష్ట్ర రాజ్యాంగం కింద గోప్యత ఉందని ఒప్పుకుంది. పోలీసులు సదుద్దేశంతోనే నడుచుకున్నారంటూ సాక్ష్యాన్ని మాత్రం చెల్లనిచ్చింది. అలాంటి వారంటు సరైనదేనా అన్న పెద్ద ప్రశ్నను అలాగే వదిలేసింది.

ఆ డిసెంబరులోనే గూగుల్ ఒక ప్రకటన చేసింది. వాడుకదారులు తిరిగిన చోట్ల చరిత్రను ఇకపై తన సర్వర్లలో కాక వాళ్ల ఫోన్లలోనే ఉంచుతామంది. ఫలానా చోట ఫలానా గంటకు ఎవరున్నారని పోలీసులు అడిగితే, వెతకడానికి కంపెనీ దగ్గర ఆ చిట్టా ఉండదన్నమాట. సెర్చ్ మాటలకు అలాంటి మార్పేదీ చేయలేదు. 2020 జూన్ నుంచి తెరిచిన కొత్త ఖాతాల్లో, వాడుకదారు మార్చుకోకపోతే అవి 18 నెలలు ఉంటాయి.