దేవరకొండ నుంచి గాంధీ ఆస్పత్రి దాకా

పొద్దున దేవరకొండ బస్సు ఎల్బీనగర్‌లో ఆగితే, దిగేవాళ్లలో ఒక జంట చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది. ఐదారేళ్ల స్కానింగులు, రక్త పరీక్షలు, మూడు దవాఖానల చీటీలు. పక్క సీటువాళ్లు అడిగితే "కడుపునొప్పికి" అంటారు. పిల్లలు కావట్లేదని చెప్పుకోవడం కన్నా అదే తేలిక.

ఈ దారి ఇంత పొడుగెందుకైంది? పిల్లల విషయంలో మన సర్కారు పట్టించుకున్నదల్లా తగ్గించడం గురించే. 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దాని గుర్తు ఎర్ర త్రికోణం ఊరూరా గోడలెక్కింది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి, ఆపరేషన్ చేయించుకొమ్మని పదిసార్లు వచ్చారు. అసలే లేని ఇంటికి, ఎందుకు లేరని అడగవచ్చినవాళ్లు తక్కువ.

1978 అక్టోబర్ 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. సర్కారు కమిటీ నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1986 ఆగస్టులో ముంబై కేఈఎం ఆస్పత్రిలో మరో పాప పుట్టాక గానీ ఈ వైద్యానికి గుర్తింపు రాలేదు. కేఈఎం మున్సిపల్ దవాఖాన. పేదల దవాఖానలో నిలబడ్డ వైద్యం తర్వాత ప్రైవేటు చేతికి పోయింది.

2007లో ఆరోగ్యశ్రీ ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషన్ తెల్లకార్డుకు దొరికింది, ఐవీఎఫ్, అంటే ఈ టెస్ట్‌ట్యూబ్ వైద్యం, దొరకలేదు. ఒక్కసారికి లక్షన్నర, రెండు లక్షలు. పుస్తెలతాడు కుదువపెట్టినా కడుపు నిలుస్తుందన్న భరోసా లేదు.

పాలమూరు (మహబూబ్‌నగర్) వలస జంటలకు డబ్బొక్కటే అడ్డం కాదు. నెలసరి రెండో రోజు స్కాన్, ఆపైన పదిరోజులు వరుసగా పొట్టకు ఇంజెక్షన్లు. పుణెలో మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నవాళ్లకు ఆ తేదీలు ఎలా కుదురుతాయి? కొన్ని ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో ఉంచాలి. రేకుల షెడ్డులో ఫ్రిజ్ ఎక్కడిది? పిల్లలు కాని సుమారు సగం జంటల్లో మగవాళ్లలోనూ లోపం ఉంటుంది. అయినా చౌకలో అయిపోయే వీర్య పరీక్షకు భర్త ఆఖరున గానీ ఒప్పుకోడు. ఆలోపే "గొడ్రాలు" అన్న మాట ఆమె మీద పడిపోతుంది. నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది ఇదే.

2021లో ఈ వైద్యం మీద చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ లేకుండా ఫర్టిలిటీ సెంటర్ నడపకూడదంది. అయినా 2025లో సికింద్రాబాద్‌లో సరోగసీ (అద్దెగర్భం) పేరుతో వేరేవాళ్ల బిడ్డను చేతిలో పెట్టారన్న కేసు డీఎన్ఏ పరీక్షతో బయటపడింది.

2023లో గాంధీ ఆస్పత్రిలో సర్కారు ఫర్టిలిటీ సెంటర్ ప్రారంభించారు. సంతోషం. కానీ మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి మెడికల్ కాలేజీలున్నాయి. వీర్య పరీక్ష, ట్యూబుల పరీక్ష, అండం ఎదుగుదల చూసే స్కాన్ అక్కడే చేసి, అండం తీసే రోజుకూ, పిండాన్ని గర్భంలో పెట్టే రోజుకూ మాత్రమే గాంధీకి పంపితే, ఆ జంటకు పదిసార్లు బస్సెక్కే పని తప్పుతుంది, ఇద్దరి కూలీ మిగులుతుంది.