నెట్‌వర్క్‌లో చేరమని మెయిలొచ్చిందా? చిన్న ఛానళ్ళ అపోహలు – వాస్తవాలు

పర్లాకిమిడిలో మాది పెళ్ళి వీడియోల స్టూడియో. నాన్నగారి హయాంలో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, నా చేతికొచ్చేసరికి డీవీడీలు. ఇప్పుడు సగం పని యూట్యూబ్ ఛానళ్ళకి ఎడిటింగే. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. మేం ఒడిశా. అటు రాయగడ, గుణుపురం నుంచీ ఇటు బరంపురం నుంచీ ఛానళ్ళ వాళ్ళు మెమొరీ కార్డులు పట్టుకుని వస్తుంటారు. వీడియో సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని అడిగే ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే: నెట్‌వర్క్‌లో చేరాలా, వద్దా?

మొన్న గుణుపురం నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. చోడి అంబలి, ఎండుచేపల పులుసు, ఊరగాయలు, ఇవీ ఆమె వీడియోలు. "బాబూ, ముంబై నుంచి మెయిలొచ్చింది. మా పార్ట్‌నర్ నెట్‌వర్క్‌లో చేరండి, ఆదాయం రెట్టింపవుతాది అంటన్నారు. ఏటి చెయ్యమంటావు?" అప్పటికి ఆమెకి 640 మంది సబ్‌స్క్రైబర్లు. ఆమెకి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: నెట్‌వర్క్‌లో చేరితేనే యాడ్స్ డబ్బులొస్తాయి.

ఒకప్పుడు ఇది సగం నిజమే. అందుకే ఇంకా చావలేదు. 2012కి ముందు యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లోకి (ఛానళ్ళకి యాడ్ డబ్బులో వాటా ఇచ్చే పథకం అది) యూట్యూబ్ ఎంచుకున్నవాళ్ళకే ప్రవేశం. చిన్నవాడికి దొడ్డిదారి నెట్‌వర్కే. వందలు, వేల ఛానళ్ళని ఒక గొడుగు కిందికి తెచ్చి, వాటి తరఫున యూట్యూబ్‌తో వ్యవహారం నడిపే కంపెనీలివి. మల్టీ ఛానల్ నెట్‌వర్క్ అంటారు, పొట్టిగా ఎంసీఎన్. ఆ వ్యాపారం ఎంత ఊపులో ఉండేదంటే 2014లో డిస్నీ, మేకర్ స్టూడియోస్ అనే నెట్‌వర్క్‌ని 50 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

ఇప్పుడా దొడ్డిదారి లేదు. 2018 ఫిబ్రవరి నుంచి యాడ్ ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ సమయం ఉండాలన్నారు. తర్వాత షార్ట్స్ వాళ్ళకి ఇంకో దారి పెట్టారు: అదే 1,000 మందితో పాటు 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. 2023లో 500 మందితో ఇంకో కింది మెట్టు వచ్చింది గానీ, అక్కడ దక్కేవి మెంబర్‌షిప్, సూపర్ థాంక్స్ లాంటివే, అంటే చూసేవాళ్ళు తమ జేబులోంచి ఇచ్చేవి. యాడ్ డబ్బు కాదు. నెట్‌వర్క్‌లో ఉన్న ఛానల్‌కీ ఇవే లెక్కలు. 640 మందితో నెట్‌వర్క్‌లో చేరినా అక్కకి ఒక్క యాడ్ డబ్బూ రాదు. ఆ లెక్కలు దాటాక నెట్‌వర్క్ లేకపోయినా వస్తుంది. మధ్యలో వాళ్ళెందుకు?

అపోహ: నెట్‌వర్క్ అంటే యూట్యూబ్ వాళ్ళ మనుషులే.

కాదు. బయటి కంపెనీలు. మీకూ వాళ్ళకీ తగాదా వస్తే యూట్యూబ్ మధ్యకి రాదు, మీ ఒప్పందం మీరు చూసుకోండి అంటుంది. కంపెనీ అసలుదో కాదో చూసుకోవాలంటే యూట్యూబ్ వాళ్ళ క్రియేటర్ సర్వీసెస్ డైరెక్టరీలో పేరుందేమో వెతకండి. అందులో ఉంది కాబట్టి మంచి కంపెనీ అని కాదు. ఉన్న కంపెనీ అని, అంతే.

అపోహ: నెట్‌వర్క్‌లో ఉంటే కాపీరైట్ గొడవలుండవు.

నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. ఊరంతా వేషాలు, ఊరంతా కెమెరాలు. ఒక కుర్రాడు పులివేషం తీసుకొచ్చాడు, నలభై నిమిషాల ఫుటేజ్, కళ్ళు తిప్పుకోలేం. వెనక డీజే బాక్సులో సినిమా పాట మోగుతోంది. ఎక్కించిన గంటకే కంటెంట్ ఐడీ (ఎవరి పాట, ఎవరి వీడియో అని పోల్చి పట్టే యూట్యూబ్ మెషీన్) క్లెయిమ్ పడింది. "మావయ్యా, నెట్‌వర్క్‌లో ఉన్నాను కదా, ఇదెలా పడింది?" అని వాడి గోల.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. చాలామంది ఒకటే అనుకుని హడలిపోతారు. క్లెయిమ్ అంటే పాట హక్కుదారు సొమ్మని మెషీన్ గుర్తుపట్టడం. సాధారణంగా ఆ వీడియో యాడ్ డబ్బు వాళ్ళకి పోతుంది, ఒక్కోసారి వీడియో ఆగిపోతుంది. ఛానల్‌కి మచ్చ పడదు. స్ట్రైక్ వేరు. హక్కుదారు చట్టప్రకారం వీడియో తీసేయమని కోరితే పడేది అది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. ఈ రెండింటిలో దేన్నీ నెట్‌వర్క్ ఆపలేదు. సినిమా పాట హక్కు ఆ పాట కంపెనీది. ముంబైలో ఉన్న మీ నెట్‌వర్క్‌ది కాదు కదా, మీకివ్వడానికి!

ఐదు సెకన్లు వాడితే ఫర్వాలేదు, పది సెకన్లదాకా ఓకే అని ఒక లెక్క మా వైపు తిరుగుతోంది. అలాంటి సెకన్ల లెక్క చట్టంలో లేదు. సన్నాయి మేళం వాళ్ళు స్వయంగా వాయించినా, వాయించింది సినిమా బాణీ అయితే క్లెయిమ్ పడొచ్చు. అన్నమయ్య కీర్తనకి హక్కుదారు లేడు గానీ, మీరు వాడిన క్యాసెట్ రికార్డింగ్‌కి ఉంటాడు. పెళ్ళి వీడియోలతో పెరిగిన మాకు ఇది మింగుడుపడటానికి చాలా రోజులు పట్టింది. పాతికేళ్ళు ఏ పాట కావాలంటే ఆ పాట అతికించాం, ఎవరూ అడగలేదు.

కుర్రాడికి చేసిందేమిటంటే, డీజే మోగిన ముక్కల్లో శబ్దం తీసేసి, నేను అదే యాత్రలో విడిగా రికార్డు చేసుకున్న డప్పు వేశాం. క్లెయిమ్ పోయింది. డప్పు లేనివాళ్ళకి యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉచితంగా ఉంది. క్లెయిమ్ తప్పని మీకు గట్టిగా తెలిస్తే యూట్యూబ్ స్టూడియోలో (ఛానల్ నడుపుకునే యాప్) మీరే డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టొచ్చు, అవతలివాళ్ళకి జవాబివ్వడానికి 30 రోజుల గడువు. దానికీ నెట్‌వర్క్ అక్కర్లేదు.

నెట్‌వర్క్ నిజంగా పనికొచ్చే చోటు దీనికి తిరగేసి ఉంటుంది: మీ సొంత సరుకుని ఊరంతా దొంగిలిస్తున్నప్పుడు. మా ఎరికలో ఒక మెలొడీ ఆర్కెస్ట్రా ఉంది, సొంత పాటలు రాసుకుని పాడేవాళ్ళు. ఆ పాటలు వందల ఛానళ్ళలో తిరుగుతున్నాయి. కంటెంట్ ఐడీ నేరుగా అందరికీ దొరకదు. అది చేతిలో ఉన్న నెట్‌వర్క్ ద్వారా వెళ్ళారు, దొంగిలించిన వీడియోల ఆదాయం కూడా వీళ్ళకి రావడం మొదలైంది. వాళ్ళు చేరడం సబబే. వంటల అక్కకి ఆ అవసరం లేదు. ఆమె వీడియోని ఎవరైనా మొత్తంగా ఎత్తుకుపోతే, మానిటైజేషన్ (యాడ్ డబ్బుకి అర్హత) వచ్చాక, అలాంటి కాపీలని వెతికిపెట్టే కాపీరైట్ మ్యాచ్ టూల్ యూట్యూబ్ స్టూడియోలోనే ఉంటుంది.

అపోహ: "మీకు 70, మాకు 30. చాలా మంచి వాటా."

ఎందులో 70? అది అడగండి. మామూలు వీడియో మీద యాడ్ డబ్బు 100 రూపాయలొస్తే యూట్యూబ్ 45 ఉంచుకుని ఛానల్‌కి 55 ఇస్తుంది. నెట్‌వర్క్ తన 30 శాతం ఆ 55లో కోస్తుంది, అంటే పదహారున్నర. మీ చేతికొచ్చేది 38 రూపాయల 50 పైసలు. షార్ట్స్‌లో మన వాటా 45 శాతమే, కోత అక్కడా అంతే. ముందు 55 వచ్చేవాడికి మళ్ళీ ఆ 55 రావాలంటే, నెట్‌వర్క్ వల్ల ఆదాయం దాదాపు 43 శాతం పెరగాలి. పెరుగుతుందని కాగితం మీద రాసిచ్చిన కంపెనీ నాకింతవరకూ తగల్లేదు.

డబ్బు దారి కూడా మారుతుంది. నేరుగా ఉంటే యాడ్‌సెన్స్‌లో (యాడ్ డబ్బు జమయ్యే గూగుల్ ఖాతా) 100 డాలర్లు నిండిన నెల తర్వాత నెల, 21కీ 26కీ మధ్య బ్యాంకుకి బయల్దేరుతుంది. నెట్‌వర్క్‌లో ఉంటే ముందు వాళ్ళకి, వాళ్ళ దగ్గర్నుంచి మీకు. మధ్యలోవాడు మునిగితే? 2018 నవంబర్‌లో అమెరికాలో డెఫీ మీడియా మూతపడినప్పుడు, దాని నెట్‌వర్క్‌లోని ఛానళ్ళకి రావలసిన యాడ్ డబ్బు అందులోనే ఇరుక్కుపోయింది. పెద్ద పెద్ద ఛానళ్ళే లబోదిబోమన్నాయి.

పన్ను విషయంలోనూ నెట్‌వర్కోళ్ళు భయపెడతారు. నేరుగా ఉన్నవాళ్ళు యాడ్‌సెన్స్‌లో అమెరికా పన్ను ఫారం పాన్ నంబరుతో మూడేళ్ళకోసారి నింపితే చాలు. అమెరికాలో చూసినవాళ్ళ నుంచి వచ్చిన భాగం మీదే 15 శాతం కోత. నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా పోవచ్చు. నా స్టూడియోలో అరగంట పని, టీ ఖర్చు మీది.

అపోహ: నెట్‌వర్క్‌లో ఉంటే రేటు పెరుగుతుంది.

యాడ్ రేటు తేల్చేది చూసేవాడు ఏ దేశంలో ఉన్నాడు, వీడియో దేని గురించి, ఏ నెల, ఇలాంటివి. దసరా, దీపావళి ముందు పెరుగుతుంది, జనవరిలో పడుతుంది. అది అందరికీ ఒకటే.

అపోహ: నచ్చకపోతే ఎప్పుడైనా బయటికొచ్చేయొచ్చు.

ఇది నా సొంత కథ. 2015లో మా స్టూడియో ఛానల్‌ని ఒక నెట్‌వర్క్‌లో చేర్చాను. పేరు రాయను. ఒప్పందం పదకొండు పేజీల ఇంగ్లీషు. మొదటి పేజీ, సంతకం పేజీ చదివాను. మధ్యలో రెండు వాక్యాలున్నాయి: గడువు రెండేళ్ళు, గడువుకి 60 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే తనంతట తానే ఇంకో ఏడాది సాగుతుంది. నేను మెయిల్ పెట్టింది 49 రోజుల ముందు. పదకొండు రోజుల ఆలస్యానికి ఏడాది ఇరుక్కున్నాను.

ఆ ఏడాది మధ్యలోనే 2018 ఫిబ్రవరి నిబంధన వచ్చింది. మాకప్పుడు 740 మందే. మానిటైజేషన్ పోయింది. నన్ను వదలనన్న నెట్‌వర్క్, ఒక్క వాక్యం మెయిల్‌తో తనే నన్ను వదిలేసింది! వాళ్ళ దగ్గర నాకు 37 డాలర్లు మిగిలాయి. చెల్లింపుకి కనీసం 50 ఉండాలట. ఎన్ని మెయిళ్ళు పెట్టినా జవాబు లేదు. కోర్టుకి వెళ్దామంటే వివాదాలన్నీ ముంబైలోనే తేల్చుకోవాలని అదే కాగితంలో ఉంది. పలాసలో కోణార్క్ ఎక్కి ముంబై వెళ్ళొస్తే దారి ఖర్చులకే ఆ 37 డాలర్లు చాలవు.

ఇంకో వాక్యం కూడా ఉంది, అది నాకు తగల్లేదు గానీ మా బావమరిదికి తగిలింది. ఛానల్ మీద వచ్చే స్పాన్సర్ డబ్బులన్నిటిలో నెట్‌వర్క్‌కి వాటా అట. వాడు బరంపురం పట్టు దుకాణంతో స్వయంగా మాట్లాడుకుని వీడియోకి 5,000 రూపాయలు కుదుర్చుకున్నాడు. ఆ దుకాణం గడప తొక్కనివాళ్ళకి 1,500 కట్టాడు. ఈ వాక్యం ఉన్న ఒప్పందంలో "యూట్యూబ్ యాడ్స్ వరకే" అని మార్పించుకోండి. మార్చనంటే మీకు అర్థమైపోతుంది. (స్థానిక దుకాణాల దగ్గర డబ్బు తీసుకుంటే వీడియోలో చెప్పాలి, యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడిలో టిక్ పెట్టాలి. 2021 నుంచి మన దేశంలో యాస్కీ (ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ) నియమం కూడా ఉంది. మావాళ్ళలో పాటించేవాళ్ళు తక్కువ.)

గుణుపురం అక్క చేత నెట్‌వర్క్‌కి నాలుగు ప్రశ్నలు రాయించాను. మీ వాటా దేనిదేని మీద? డబ్బు ఎన్ని రోజులకి, కనీసం ఎంత ఉంటే ఇస్తారు? గడువెంత, 30 రోజుల నోటీసుతో మధ్యలో వదులుతారా? నేను వదిలేస్తే పాత వీడియోలు ఎవరివి? మొదటి రెండింటికీ చక్కగా జవాబిచ్చారు. మిగతావి "చేరాక మా మేనేజర్ మాట్లాడతారు" అన్నారు. అక్క చేరలేదు. "చేరకముందే మాట్లాడనోడు చేరాక ఏటి మాట్లాడతాడు" అంది.

అపోహ: చేర్చుకోవాలంటే వాళ్ళకి పాస్‌వర్డ్ ఇవ్వాలి.

అసలు నెట్‌వర్క్ ఆహ్వానం మీ యూట్యూబ్ స్టూడియోలోనే కనిపిస్తుంది, మీరు అక్కడే ఒప్పుకుంటారు. పాస్‌వర్డ్, ఓటీపీ అడిగినవాడు దొంగే. ఒప్పందం అని చెప్పి జిప్ ఫైలో, సాఫ్ట్‌వేరో పంపి కంప్యూటర్‌లో తెరవమన్నా అంతే. యూట్యూబర్ల లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) ఇలా కాజేసి ఛానళ్ళు లాక్కుంటున్నారని 2021లో గూగుల్ వాళ్ళే బయటపెట్టారు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఉన్నా ఆ దొంగతనం ఆగదు, ఎందుకంటే అప్పటికే మీరు లాగిన్ అయి ఉంటారు. మెయిలొస్తే అందులోని ఫైల్ తెరవకుండా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి నాకు చూపించండి. ఆదివారం తప్ప షాపు తెరిచే ఉంటుంది.