గ్రిల్ స్టాంపులు: చుక్కలు కనపడగానే సంబరపడొద్దు

"నా దగ్గర ఫ్రాంక్లిన్ బొమ్మ ఉన్న ఒక సెంటు నీలం అమెరికా స్టాంపు ఉందండీ, కోట్లు వస్తాయా?" 2024 జూన్‌లో న్యూయార్క్ వేలంలో అదే బొమ్మ ఉన్న ఒక సెంటు 'జడ్' గ్రిల్ స్టాంపు 43 లక్షల డాలర్లకు పైగా పలికాక ఇలాంటి మెసేజ్‌లు మరీ ఎక్కువయ్యాయి. పంపేది ఎక్కువగా అమెరికాలో పాత ఆల్బమ్ ఏదో కొన్న మనవాళ్ళే. అందుకే తరచూ వినే అపోహలను ఒకచోట రాస్తున్నాను.

ముందు గ్రిల్ సంగతి. వాడేసిన స్టాంపు మీది ముద్రను కడిగేసి మళ్ళీ అంటిస్తారేమోనని అమెరికా తపాలా శాఖకు భయం పట్టుకుంది. దానికి చార్ల్స్ స్టీల్ ఒక ఉపాయం కనిపెట్టి 1867లో పేటెంట్ తీసుకున్నాడు. స్టాంపులు అచ్చువేసే నేషనల్ బ్యాంక్ నోట్ కంపెనీ, సన్నటి మొనలున్న రోలర్‌తో కాగితాన్ని నొక్కేది. అలా పడిన చుక్కల వరసలే గ్రిల్. కొలతను, మొనల తీరును బట్టి వాటి రకాలను 'ఎ', 'బి', 'జడ్' లాంటి అక్షరాలతో పిలుస్తారు. పోగులు తెగి, ముద్ర సిరా లోపలికి ఇంకిపోతుంది, కడిగినా పోదు. నాలుగైదేళ్ళలో ఈ పద్ధతిని వదిలేశారు. పెరూ కోసం ఇదే కంపెనీ అచ్చువేసిన స్టాంపుల మీద కూడా గ్రిల్ కనిపిస్తుంది.

అపోహ: గ్రిల్ ఉందంటే అరుదైనదే.

కాదు. మూడు సెంట్ల వాషింగ్టన్ 'ఎఫ్' గ్రిల్, వాడినది, కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఒక సెంటు 'జడ్' మాత్రం ఇప్పటిదాకా తెలిసినవి రెండే. వాటిలో ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చెందిన మిల్లర్ సేకరణలో ఉంది, అది అమ్మకానికి రాదు. మీ నీలం ఫ్రాంక్లిన్‌కు అసలు గ్రిల్లే ఉండకపోవచ్చు. ఆ డిజైన్ 1861 నుంచి గ్రిల్ లేకుండానే బోలెడు అచ్చయింది.

అపోహ: స్కేలు పెట్టి కొలిస్తే రకం తెలిసిపోతుంది.

సగమే తెలుస్తుంది. 'డి' సుమారు 12 × 14 మిల్లీమీటర్లు, 'జడ్' 11 × 14, 'ఇ' 11 × 13, 'ఎఫ్' 9 × 13. అంచు వరస సరిగ్గా పడకపోతే ఒక మిల్లీమీటరు ఎటైనా పోతుంది. అందుకే నేను చుక్కల వరసలు లెక్కపెడతాను. 'డి'కి అడ్డంగా 15, 'ఎఫ్'కి 11 లేక 12. తర్వాత మొనలు ఎటు ఉన్నాయో చూడాలి. 'ఎ', 'బి', 'సి' రకాల్లో బొమ్మ వైపు పైకి లేస్తాయి, 'డి', 'జడ్', 'ఇ', 'ఎఫ్'లలో వెనక్కి పొడుచుకొస్తాయి. 'జడ్'కి ఇంకో గుర్తు ఉంది. దాని మొనల మీది గీతలు అడ్డంగా ఉంటాయి, 'డి', 'ఇ', 'ఎఫ్'లకు నిలువుగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో 'జడ్' అని పెట్టేవాళ్ళలో చాలామంది ఈ ఒక్క విషయం దగ్గరే దొరికిపోతారు.

అపోహ: గ్రిల్ ఎంత స్పష్టంగా ఉంటే అంత అసలైనది.

నా అనుభవంలో ఇది తలకిందులు. అసలు గ్రిల్ చాలాసార్లు నీరసంగా ఉంటుంది. ఒక మూల బాగా పడి, ఇంకో మూల దాదాపు మాయమవుతుంది. నాలుగు వైపులా ఒకే లోతుతో ముచ్చటగా ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది. గ్రిల్ లేని 1861 నాటి మూడు సెంట్ల స్టాంపు చవక, దాని మీద 'సి' గ్రిల్ కొట్టగలిగితే ధర ఎక్కడికో పోతుంది. దొంగ గ్రిల్ వేసేవాడి లెక్కంతా అదే.

దొంగతనం బయటపెట్టేది ముద్ర సిరా. గ్రిల్ కంపెనీలోనే పడుతుంది, ముద్ర తర్వాత పోస్టాఫీసులో పడుతుంది. కాబట్టి అసలు స్టాంపులో సిరా తెగిన పోగుల్లోకి దిగి ఉండాలి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం (లూప్) కింద, ముద్ర గ్రిల్‌ను దాటే చోట చూడండి. చీలిక లోపల కాగితం తెల్లగా మెరుస్తూ, పైన సిరా పొర విరిగి ఉంటే గ్రిల్ ముద్ర తర్వాత పడిందన్నమాట. ఇక చెప్పడానికేం లేదు. ముద్ర లేని స్టాంపుకు ఈ సాక్ష్యం ఉండదు, అక్కడే టెన్షన్ ఎక్కువ.

బాగా కనపడాలంటే నల్ల ట్రేలో బోర్లా పెట్టి, వాటర్‌మార్క్ ఫ్లూయిడ్ (కాగితంలోని గుర్తులు కనపడేలా చేసే ద్రవం) రెండు చుక్కలు వేయండి. పక్కనుంచి టార్చ్ వేసినా చాలాసార్లు సరిపోతుంది. పెన్సిల్‌తో మాత్రం రుద్దొద్దు.

అపోహ: గ్రిల్ కనపడలేదంటే గ్రిల్ లేనట్టే.

నానబెట్టి, బరువు కింద ఆరబెడితే గ్రిల్ చదునైపోతుంది. 1869 బొమ్మల సిరీస్‌లో దీన్నే అవకాశంగా తీసుకుంటారు. అందులో 'జి' గ్రిల్ ఉండటం మామూలు, లేకపోవడమే విశేషం. అందుకని గ్రిల్‌ను అణిచేసి 'గ్రిల్ లేనిది' అని అమ్ముతారు.

అపోహ: బ్యాంక్ నోట్ స్టాంపుల (బ్యాంక్ నోట్ కంపెనీలు 1870ల్లో అచ్చువేసినవి) మీద దొంగ గ్రిల్ కనిపెట్టడం కష్టం.

కొన్నింటికి తేలికే. 1873లో అచ్చు పని కాంటినెంటల్ కంపెనీకి మారాక చిన్న విలువల స్టాంపుల డిజైన్లలో రహస్య గుర్తులు చేర్చారు. ఒక సెంటులో అంకెకు ఎడమన ఉన్న ముత్యంలో చిన్న నెలవంక కనిపిస్తుంది. ఆ నెలవంకా ఉండి, గ్రిల్లూ ఉంటే, అతి కొద్ది ప్రయోగాలు మినహా అది దొంగ గ్రిల్. 24 సెంట్లకు ఈ సాయం దొరకదు, దానికి రహస్య గుర్తు లేదు. గ్రిల్ ఉన్న 24 సెంట్లు చాలా ఖరీదు కాబట్టి సర్టిఫికెట్ లేకుండా నేనైతే ముట్టుకోను.

సర్టిఫికెట్ అంటే అమ్మేవాడు రాసిచ్చే చీటీ కాదు. న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటి సంస్థ ఇచ్చింది, ఫొటోతో సహా. ఆ ఫొటోలోని పళ్ళను (అంచు చిల్లులను), ముద్రను చేతిలో ఉన్న స్టాంపుతో పోల్చి చూసుకోండి, నిజమైన సర్టిఫికెట్‌కు వేరే స్టాంపు జతచేసి అమ్మేవాళ్ళూ ఉంటారు. పాత సర్టిఫికెట్ అయితే మళ్ళీ పంపించాకే డబ్బు ఇస్తానని అడగడంలో తప్పులేదు. 'ఎఫ్' గ్రిల్ మూడు సెంట్లకు మాత్రం పంపకండి, ఫీజే స్టాంపు ధర కంటే ఎక్కువవుతుంది.