"మా తాత సుబేదారు": మద్రాసు సిపాయిల గురించి అపోహలు – వాస్తవాలు

పాత సైనిక దస్తావేజులు చదివిపెట్టడం నా పని. అటక మీద తుప్పు పట్టిన కత్తో, పింఛను కాగితమో దొరికినవాళ్లు పట్టుకుని వస్తారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో పనిచేసిన పూర్వీకుడెవరో తేల్చమంటారు. కాగితంతోపాటు కొన్ని గట్టి నమ్మకాలు కూడా తెస్తారు. చెదలు తిన్న కాగితమే నయం, విప్పితే విప్పుకుంటుంది.

అపోహ: మా పూర్వీకుడు సుబేదారు.

"మా తాత మామూలు సిపాయి" అంటూ నా దగ్గరకు ఇంతవరకు ఎవరూ రాలేదు. వంద మందికి అటూఇటూగా ఉండే దళానికి (దాన్నీ కంపెనీ అనే అనేవారు) దేశీ అధికారుల్లో పెద్దవాడైన సుబేదారు ఒక్కడు, అతని కింద జమేదారు ఒక్కడు. వాళ్ల కింద కొందరు హవల్దార్లు, నాయక్‌లు. మిగిలినవాళ్లంతా సిపాయిలే. సర్వీసు వరసలో ఎదురుచూస్తూ జుట్టు నెరిసేదాకా ఉంటే గానీ సుబేదారు పదవి దక్కేది కాదు. దక్కినా, నిన్న ఓడ దిగిన మీసాలు రాని దొర అతనికి పై అధికారే.

అపోహ: తెలుగువాళ్లకూ సైన్యానికీ చుట్టరికం లేదు.

ఉత్తరాదిలో సిపాయిని చాలాకాలం "తిలంగా" అనే పిలిచారు. 1756–57లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లిన దళాల వల్ల స్థిరపడిన పేరది. ఆ దళాల్లో అందరూ తెలుగువాళ్లు కారు, తమిళులూ ముస్లిములూ ఉన్నారు. పేరు మాత్రం మనది. తర్వాత అవధ్ నుంచి వచ్చి ఎర్రకోటు తొడిగినవాడు కూడా తిలంగాయే అయ్యాడు. 1857లో తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలో దిగినప్పుడు ఊరి జనం వాళ్లను పిలిచింది ఆ మాటతోనే. మద్రాసు రికార్డుల్లో తెలుగువాడి కోసం వెతికేవాళ్లు "జెంటూ" అన్న మాట దగ్గర కూడా ఆగాలి. దొరలు మనకు పెట్టిన పేరది.

అపోహ: సముద్రం దాటితే కులం పోతుందని సిపాయిలు ఓడ ఎక్కేవాళ్లు కాదు.

ఇది కంపెనీకే ఉన్న మరో సైన్యం, బెంగాలు సైన్యం కథ. 1824లో బర్మా యుద్ధానికి వెళ్లమంటే బారక్‌పూర్‌లో ఎదురుతిరిగినవాళ్లు ఆ సైన్యం వాళ్లు. మద్రాసు సిపాయిలు 1824లో రంగూన్ వెళ్లారు, 1840లో మొదలైన యుద్ధానికి చైనా వెళ్లారు. అలాగని మనవాళ్లు నోరెత్తకుండా ఎక్కారనీ కాదు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదరలీ మీద యుద్ధానికి ఓడలో మద్రాసు వెళ్లమన్నందుకు సిపాయిలు దొరల మీదే తుపాకులు ఎక్కుపెట్టారు. తర్వాతి తరాలకు, జీతంలో కొంత భాగం ఇంటి దగ్గర భార్యకో తల్లికో అందే ఏర్పాటు ఉండేది. దూరదేశం వెళ్లేవాడికి అది చిన్న సంగతి కాదు.

ఒక పెద్దావిడ దేవుడి గదిలో నుంచి ఒక వెండి బిళ్ల తెచ్చారు. గజలక్ష్మి అని నాలుగు తరాలుగా కుంకుమ పెడుతున్నారట. కుంకుమ కింద ఏనుగు ఉన్న మాట నిజమే, మోకాళ్ల మీద వంగి ఉంది. దాని ఎదుట సింహం. లక్ష్మి ఎక్కడా లేదు. ఏనుగు బర్మా, సింహం ఇంగ్లండు. కింద పారశీక లిపి, వెనక రంగూన్ పగోడా మీద దాడి బొమ్మ. 1826లో బర్మా యుద్ధం ముగిశాక కంపెనీ తన దేశీ సైనికులకు ఇచ్చిన పతకమది. పేరు చెక్కి లేదు కనుక ఎవరిదో చెప్పలేకపోయాను, ఆ మనిషి ఎక్కడికి వెళ్లి వచ్చాడో చెప్పాను. ఆవిడ అంతా విని, బిళ్లను కళ్లకద్దుకుని మళ్లీ చెంగున కట్టుకున్నారు.

అపోహ: తూటాను పళ్లతో కొరకడం 1857లోనే వచ్చింది.

అంతకు ముందు కొన్ని తరాల సిపాయిలు కొరికారు. చెకుముకి తుపాకికి కాగితపు పొట్లంలో మందు, గుండు కలిపి చుట్టి ఇచ్చేవారు. పొట్లం కొస పళ్లతో చించాలి, చిటికెడు మందు తుపాకి పక్కనుండే చిన్న పళ్లెంలో పోయాలి, మిగతాది గుండుతో సహా గొట్టంలో వేసి ఇనుప కడ్డీతో దట్టించాలి. నాలుగు తూటాలయ్యేసరికి పెదాలు నల్లబడి, మందులోని సూరేకారానికి నోరు ఎండిపోతుంది. 1857లో కొత్తగా వచ్చి పడింది కొరకడం కాదు, కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాకు పూసిన కొవ్వు గురించిన అనుమానం.

ఆ చెకుముకి తుపాకి వానలో కర్రతో సమానం. 1841 మే చివర చైనాలో కాంటన్ దగ్గర సాన్‌యువాన్‌లీలో 37వ మద్రాసు రెజిమెంటుకు చెందిన సుమారు 60 మంది కుండపోతలో దారి తప్పారు. చుట్టూ వేలాది చైనా గ్రామస్థులు. మందు తడిసింది, ఒక్క తుపాకీ పేలదు. చదరంగా నిలబడి బాయినెట్లతోనే కాచుకున్నారు. చెకుముకికి బదులు రాగి టోపీతో (మందు ఉన్న చిన్న మూతతో) పేలే కొత్త తుపాకులున్న తెల్ల మెరైన్లు వెతుక్కుంటూ వచ్చాక గానీ బయటపడలేదు. వానకు తట్టుకునే తుపాకి ముందు ఎవరి చేతికి వచ్చిందో గమనించండి.

అపోహ: వాళ్లు కూలికి అమ్ముడుపోయిన ద్రోహులు. (కాదు, లోలోపల దేశభక్తులు అనేవాళ్లూ ఉన్నారు.)

రెండూ మన కాలపు మాటలు. నెలకు 7 రూపాయలు జీతం, తిండి అందులోనే కొనుక్కోవాలి. మద్రాసు సిపాయి వెంట పెళ్లాం పిల్లలు కూడా పటాలంతో నడిచేవారు. చనిపోయిన సిపాయి కొడుకును చిన్న జీతం మీద కుర్రాడిగా పటాలం పట్టీలో రాసుకునేవారు. ఇలాంటివాళ్లే 1806 జూలై 10న వేలూరులో దొరల మీద తిరగబడి కోటను పట్టుకున్నారు. కొత్త తలపాగా పెట్టుకోమన్నారని, నొసట బొట్టు, చెవిపోగులు తీసేయమన్నారని. నాకు కాగితాల్లో కనిపించేది ద్రోహీ కాదు, వీరుడూ కాదు, బత్తా (అదనపు భత్యం) బకాయి లెక్క చూసుకునే సంసారి.

అపోహ: తెలుగువాళ్లలో పస లేకనే సైన్యంలో చేర్చుకోవడం మానేశారు.

1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాదివాళ్లలో యుద్ధగుణం చచ్చిపోయిందని తేల్చాడు. సర్వసేనాధిపతి అయ్యాక కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే "యుద్ధజాతుల" సిద్ధాంతాన్ని ఇంకా ముందుకు తోశాడు. దశాబ్దాలపాటు పెద్ద యుద్ధమేదీ చూపించకుండా కంటోన్మెంట్లలో కూర్చోబెట్టి, ఆపైన యుద్ధం రాదన్నారు! 1900 తర్వాత చాలా మద్రాసు పటాలాల్లో మనుషులను మార్చి పంజాబీలను నింపారు. 1903లో పాత నంబరుకు 60 కలిపారు. 7వ మద్రాసు 67వ పంజాబీస్ అయింది, 6వ మద్రాసు 66వ పంజాబీస్ అయింది.

అందుకే మీ పూర్వీకుడు 6వ రెజిమెంటులో చైనా యుద్ధానికి వెళ్లాడని ఇంట్లో అనుకుంటూ ఉంటే, అతని పటాలం చరిత్రను పంజాబ్ రెజిమెంట్ల పుటల్లో వెతకండి. 66వ పంజాబీస్ తర్వాత 1వ పంజాబ్ రెజిమెంటులో కలిసింది. 1947లో ఆ రెజిమెంటు పాకిస్తాన్ వాటాకు పోయింది.