భయస్తులకి గుర్రపుస్వారీ రాదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మొన్న కూడా ఒకాయన ఫోన్ చేసి అదే అడిగారు. "నాకు భయం ఎక్కువండీ. మనం భయపడితే గుర్రానికి తెలిసిపోతుందట కదా, నాలాంటివాళ్ళు నేర్చుకోవచ్చా?" పదిహేనేళ్ళుగా స్వారీ నేర్పుతున్నాను, ఈ ప్రశ్న వినని వారం లేదు. అడగడానికి కూడా మొహమాటపడి ఆగిపోయినవాళ్ళు ఎంతమందో తలచుకుంటే బాధేస్తుంది.

అపోహ: గుర్రం భయాన్ని పసిగడుతుంది, కాబట్టి లేనట్టు ఉండాలి.

ఇందులో సగం నిజం ఉంది. అందుకే ఇంత నష్టం చేస్తోంది. ఒంటి మీద ఈగ వాలితే సరిగ్గా అక్కడి చర్మాన్నే విదిలించగల జంతువు గుర్రం. దాని వీపు మీద కూర్చుని మనం తొడలు బిగిస్తే, ఊపిరి బిగబడితే తెలియకుండా ఎలా ఉంటుంది? స్వీడన్ పరిశోధకులు 2009లో ఒక ప్రయోగం ప్రచురించారు. గుర్రాన్ని నడిపిస్తున్నవాళ్ళకీ, స్వారీ చేస్తున్నవాళ్ళకీ "ఈసారి మీరు ఇటు వచ్చినప్పుడు గొడుగు తెరుస్తాం" అని చెప్పారు. టక్కున గొడుగు విప్పితే గుర్రం బెదురుతుంది కదా. కానీ తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ళతో ఉన్న గుర్రాలదీ పెరిగింది.

తప్పు అర్థం తీసేది ఇక్కడే. గుర్రం మనల్ని పిరికివాళ్ళని తేల్చేసి అలుసుగా చూడదు. అడవిలో వేటకి బలయ్యే జాతి అది. మందలో పక్కది బిగుసుకుందంటే దగ్గర్లో ముప్పు ఉన్నట్టే దాని లెక్క. మనం బిగుసుకుంటే ఆ ముప్పు ఎక్కడుందా అని వెతుక్కుంటుంది, అంతే. భయాన్ని దాచేవాళ్ళు చేసేదేమో సరిగ్గా ఆ బిగుసుకోవడమే. ఊపిరి ఆపుతారు, మోకాళ్ళతో జీనుని నొక్కేస్తారు, పగ్గాలు ఒళ్ళోకి లాక్కుంటారు. మొహాన నవ్వు మాత్రం ఉంటుంది. వీపు మీద మోస్తున్న గుర్రానికి ఆ నవ్వుతో పనేముంది?

నలభై దాటాక నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ మూడు క్లాసుల పాటు "టెన్షనేం లేదండీ" అంటూనే ఉన్నారు. ఆవిడకి ఇచ్చింది మా దగ్గర అన్నిటికంటే నెమ్మదైన ఆడగుర్రం. ఆవిడ ఎక్కగానే అది తల పైకెత్తేసేది, తోక విసురుతూ పొట్టి పొట్టి అడుగులు వేసేది. నాలుగో క్లాసులో ఆవిడ చేతులు చూశాను. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. గుర్రాన్ని ఆపి, "ఏమవుతుందని అనిపిస్తోందండీ?" అన్నాను. చాలాసేపటికి, "పరిగెత్తేస్తే ఆపలేనేమోనని" అన్నారు. గొంతు వణికింది. ఆ మాటతో పాటే పెద్ద ఊపిరి బయటికి వచ్చింది, భుజాలు దిగాయి. గుర్రం కూడా మెల్లగా తల దించి, ముక్కులోంచి గట్టిగా గాలి వదిలి, పెదాలు నాక్కుంది.

ఆ రోజు ఆపడం ఒక్కటే నేర్పాను, మళ్ళీ మళ్ళీ. జీనులో బరువుగా కూర్చోవడం, ఊపిరి వదలడం, ఆ తర్వాతే పగ్గాల మీద వేళ్ళు మూయడం. క్లాసు అయ్యేసరికి పగ్గాల దాకా పోకుండా, ఊపిరికే గుర్రం ఆగుతోంది. పెద్దయ్యాక "నాకు భయంగా ఉంది" అని నోటితో అన్నది ఆ రోజేనని ఏడాది తర్వాత చెప్పారావిడ.

కాబట్టి భయం ఉంటే నేర్పేవాళ్ళకి చెప్పండి. నేనైతే పాట పాడమంటాను. పాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు.

అపోహ: పడితే వెంటనే మళ్ళీ ఎక్కాలి.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. నేర్చుకునే రోజుల్లో నేను పడ్డప్పుడు ఇదే మాట చెప్పి ఎక్కించారు. మణికట్టు చిట్లిందని సాయంత్రానికి గానీ తెలియలేదు. ఆ తర్వాత మూడు నెలలు గుర్రపుశాల వైపే వెళ్ళలేకపోయాను. తలకి దెబ్బ తగిలితే లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. ముందు డాక్టరు, ఆ తర్వాతే గుర్రం. పడ్డప్పుడు నేలకి తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చేయాలి.

ఇక మిగతావి. వయసు దాటిపోయిందా? జపాన్ రౌతు హిరోషి హొకెత్సు 2012 లండన్ ఒలింపిక్స్‌లో పోటీ చేసేటప్పటికి ఆయనకి 71 ఏళ్ళు. ఒంట్లో బలం ఉండాలా? డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్‌కి 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ కింద చచ్చుబడిపోయింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఒకరు పట్టుకోవాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్‌లో, అంటే రౌతు సైగలకి గుర్రం లయగా అడుగులు వేసే పోటీలో, రజతం గెలిచింది. గుర్రాన్ని లొంగదీసుకోవాలా? అయిదు వందల కిలోల ప్రాణితో బలప్రదర్శనకి దిగితే ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా? కూర్చుంటే చాలు, గుర్రమే నడుస్తుందా? మొదటిసారి ట్రాట్ (కుదుపుల పరుగునడక) చేసిన మర్నాడు మీ తొడలనే అడగండి.

ఫోన్ చేసినాయనకి చెప్పింది ఒక్కటే. మొదటి రోజు ఎక్కనక్కర్లేదు. మొహానికి మరీ దగ్గరగా ముందూ, సరిగ్గా వెనకా ఉన్నది గుర్రానికి కనబడదు కాబట్టి, పలకరిస్తూ భుజం పక్క నుంచి రండి. బ్రష్ ఇస్తాను. దువ్వుతూ, దాని పక్కటెముకలు ఎంత నిదానంగా లేచి దిగుతున్నాయో చూడండి. ఎక్కాలనిపించిన రోజు మీరే చెప్పండి. శనివారం వస్తానన్నారు.