పాము ఎదుట కుక్క, పిల్లి

మా పెద్దమ్మ వాళ్ల దొడ్లో కట్టెల మోపు పక్కన ఒకసారి నాగుపాము పడగ విప్పింది. కుక్క ఒక్క గెంతులో దాని ఎదుటికి వెళ్లి మొరగడం మొదలుపెట్టింది. రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి. ముక్కు మాత్రం ప్రతిసారీ పాము వైపే చాస్తోంది. ఇంతలో పిల్లి గోడ వారగా వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది. పాము తన వైపు తిరిగి బుస కొట్టగానే పిల్లి తోక రెండింతలు ఉబ్బింది. అయినా కదల్లేదు. పడగ కొంచెం వాలగానే ముందుకాలు చాచి టపీమని ఒక దెబ్బ వేసి, అంతే వేగంగా వెనక్కి లాక్కుంది. పెద్దమ్మేమో "ఆ కుక్కని పిలవండ్రా ముందు!" అని ఒకటే కేకలు. పిల్లి గురించి ఆవిడకు టెన్షనే లేదు. ఆవిడ అంచనా ఎంత సరైనదో నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

పిల్లి తోక ఉబ్బినా, కుక్క వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా లోపల జరిగేది ఒకటే. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదల కాగానే వెంట్రుకల మొదట్లో ఉండే సన్నని కండరాలు బిగుసుకుంటాయి. మన ఒళ్లు గగుర్పొడిచేదీ ఇలాగే. తేడా అంతా ఆ తర్వాత చేసే పనిలో ఉంది.

కుక్క తోడేలు సంతతి. తోడేళ్లు మందగా వేటాడతాయి, ఒకటి ఎదురు నిలిస్తే మిగతావి చుట్టుముడతాయి. మనిషి పంచన చేరి కనీసం 15,000 ఏళ్లయినా కుక్కకు ఆ ధీమా పోలేదు. మంద స్థానంలోకి మనం వచ్చాం, అంతే. అది మొరిగేది పాముని బెదిరించడానికే కాదు, మనల్ని రమ్మనడానికి కూడా. పిల్లికి మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి ఒంటరి వేటగత్తె. గాయపడితే తిండి తెచ్చిపెట్టేవాళ్లు దానికి లేరు. అందుకే పిల్లి ముందు దూరం చూసుకుంటుంది, తల వెనక్కి పెట్టి కాలితో తడుముతుంది. కుక్కకు ఆ వీలు లేదు. ఏదైనా తెలుసుకోవాలంటే ముక్కు పెట్టాలి, పట్టుకోవాలంటే నోరు పెట్టాలి. దీన్ని మూర్ఖత్వం అంటే నేను ఒప్పుకోను.

కానీ దానికి మూల్యం పెద్దదే. ఆస్ట్రేలియాలో ఈస్టర్న్ బ్రౌన్ అనే పాము కరిచి, విరుగుడు మందు అందకపోతే పిల్లుల్లో 66 శాతం బతుకుతాయి, కుక్కల్లో 31 శాతమే. కారణం వెతుకుతూ క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో రెండింటి ప్లాస్మాకూ, అంటే రక్తంలోని ద్రవ భాగానికీ, పాము విషాలు కలిపి చూశారు. పిల్లి ప్లాస్మా కంటే కుక్క ప్లాస్మా చాలా త్వరగా గడ్డకట్టింది. గడ్డకట్టించే పదార్థాలన్నీ అలా ఒక్కసారే ఖర్చయిపోతే ఇక రక్తస్రావం ఆగదు. మన రక్తపింజర విషం దెబ్బతీసేదీ ఈ వ్యవస్థనే. పైగా కుక్కకు కాటు పడేది ముక్కు మీదో మూతి మీదో, నిండా రక్తనాళాలున్న చోట. కరిచాక కూడా అది పరుగులు పెడుతుంది, విషం ఒళ్లంతా పాకుతుంది. పిల్లి ఒక మూల ముడుచుకుంటుంది.

కాబట్టి రాత్రిపూట కుక్క ఒకేచోట నిలబడి ఆగకుండా మొరుగుతుంటే కసరకండి. దూరం నుంచే టార్చి వేసి చూడండి, పేరు పెట్టి పిలిచి లోపల కట్టేయండి, పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయండి. కాటు పడితే కోయొద్దు, కట్టు కట్టొద్దు. నడిపించకుండా ఎత్తుకుని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మనుషులకు ఇచ్చే విరుగుడు మందే దానికీ పనిచేస్తుంది.