మేకప్‌లో ఎవరూ గుర్తుపట్టరనుకుంటున్నారా?

గంగ జాతర అయిపోగానే తిరుపతి కుర్రాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, డ్రాగ్ (ఆడవేషం కట్టి చేసే ప్రదర్శన) రీల్స్‌కి కొత్త ఐడీ తీశా. మేకప్‌లో నన్నెవరు గుర్తుపడతారు?"

మనుషులకన్నా ముందు ఇన్‌స్టాగ్రామే పట్టిస్తుంది. కొత్త ఐడీ కూడా రోజూ వాడే నంబరుతోనే తీస్తారు. ఆ నంబరు మీ బాబాయి ఫోన్లో, ట్యూషన్ సార్ ఫోన్లో ఉంటుంది. వాళ్లెప్పుడో కాంటాక్ట్స్ అప్‌లోడ్‌కి ఓకే కొట్టుంటే, మీ డ్రాగ్ ఐడీ వాళ్ల సజెషన్స్‌లో తేలొచ్చు. మీ ఫోన్లో సింక్ ఆపినంత మాత్రాన ఇది ఆగదు, నంబరు ఇచ్చింది వాళ్లు కదా.

అందుకే నంబరు ఇవ్వకుండా, ఇంకెక్కడా వాడని ఈమెయిల్‌తో తీయండి. పాత ఐడీలోంచి 'యాడ్ అకౌంట్' నొక్కొద్దు, ఒకరి ఐడీలన్నిటినీ జతచేసే అకౌంట్స్ సెంటర్‌లో రెండూ కలిసిపోవచ్చు. కాంటాక్ట్స్ అప్‌లోడ్ ఆపండి. ఎడిట్ ప్రొఫైల్‌లో అకౌంట్ సజెషన్స్ తీసేయండి. కాలేజీ ఫ్రెండ్స్‌ని ఫాలో కావద్దు. ఇద్దరు ముగ్గురు ఉమ్మడి ఫ్రెండ్స్ చాలు, దారి దొరికిపోతుంది.

ఇక మొహం. కనుబొమల్ని పైకి దువ్వి, గ్లూ స్టిక్ పలచగా మూడు పూతలు వేసి, ఒక్కోటి ఆరాక పౌడర్ అద్దితే బొమలు మాయమవుతాయి. తడి మీదే ఇంకో పూత వేస్తే లైట్ల వేడికి వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఎంత బాగా కుదిరినా చెవులు, పళ్ల వరస, గొంతు మారవు. వెనకాల మీ ఇంటి కిటికీ, గోడ మీది క్యాలెండర్ సరేసరి.

ప్రైవేట్ పెడితే చాలంటారు. చాలదు, ఫాలోవర్లలో ఒక్కడు స్క్రీన్ రికార్డ్ చేస్తే అంతే. డ్రాగ్ వేసేవాళ్లంతా ట్రాన్స్‌జెండర్లే అనేది ఇంకో పుకారు. నాటకాల్లో సత్యభామ వేషానికి పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. వేషం వేరు, జెండర్ వేరు. ట్రాన్స్ వాళ్లూ డ్రాగ్ వేస్తారు, అది వాళ్లిష్టం.

"ఇంట్లో చెప్తా, డబ్బులెయ్" అని ఎవరైనా బెదిరిస్తే ఒణుకు రావడం సహజమే. కానీ ఒకసారి వేస్తే వదిలేస్తాడనుకోకండి, రేటు పెంచుతాడు. భయంతో చాట్ డిలీట్ చేసేస్తారు, ఉన్న ఆధారం పోయేది అక్కడే. ముందు చాట్, యూజర్‌నేమ్, యూపీఐ ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. తర్వాతే బ్లాక్ చేయండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పోకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద నేరం. చీర కట్టుకోవడం ఏ సెక్షన్ కిందా నేరం కాదు, స్టేషన్‌లో ఆ మాట ధైర్యంగా చెప్పండి.